పళ్ళ డాక్టరుకు మందుల కవరు ఎందుకు చూపించాలి?

నరసరావుపేటలో ఏ పళ్ళ ఆసుపత్రిలోనైనా ఉదయం పూట కాసేపు కూర్చుంటే ఇలాంటి మాటలు వినపడతాయి.

"పెద్దమ్మా, బీపీ ఉందా?"

"లేదు బాబూ."

"షుగరు?"

"అదీ లేదు. అదుపులోనే ఉంది."

"అదుపులో ఉందంటే, బిళ్ళలేమన్నా వాడుతున్నావా?"

"రోజూ ఏసుకుంటాగా. పొద్దునొకటి, రాత్రికొకటి. బీపీకి ఇంకోటి."

"వాటి పేర్లేంటి?"

"చిన్నయి, తెల్లగా ఉంటయ్యి. ఇంటికాడున్నయ్యి."

పెద్దమ్మ అబద్ధమేమీ ఆడలేదు. బిళ్ళ వేసుకుంటే బీపీ మామూలుగా ఉంటోంది, మామూలుగా ఉంది కనుక తనకు బీపీ లేదు. ఆమె లెక్క ఆమెకు సరైనదే. కానీ డాక్టరు మొదటి ప్రశ్నతోనే ఆగిపోయి ఉంటే, ఆమె ఒంట్లో అప్పటికే మూడు రకాల మందులున్నాయన్న సంగతి తెలియకుండానే నాలుగోది, ఐదోది రాసిచ్చేవారు. పళ్ళ వైద్యంలో ఇవాళ జరిగే మందుల పొరపాట్లకు మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. పట్టకారుతో, సూదితో వచ్చే ముప్పు కంటే, పాత బిళ్ళ మీద కొత్త బిళ్ళ పడినప్పుడు వచ్చే ముప్పే పెద్దది.

పాతికేళ్ళ కిందట పల్నాడులో ఈ సంగతి ఇంత ముఖ్యం కాదు. అప్పట్లో ఊళ్ళో రోజూ బిళ్ళలు మింగేవాళ్ళు తక్కువ. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి చేసుకునేవాళ్ళు కూడా గుండె కవాటాలు మార్పించుకున్నారు, స్టెంట్లు వేయించుకున్నారు. ఒకప్పుడైతే బతకని మనుషులు ఇవాళ మిరప చేలో కాయ కోస్తున్నారు. బీపీ, షుగరు బిళ్ళలు ఊళ్ళోకే వచ్చి నెలనెలా ఇస్తున్నారు. ఇదంతా ఎంతో మేలైన మార్పు. ఆ మేలుతో పాటే ప్రతి ఇంట్లో గోడ మేకుకు ఒక మందుల కవరు వేలాడుతోంది. పన్ను నొప్పి మాత్రం ఆ కవరు సంగతి పట్టించుకోకుండా వస్తుంది. వచ్చినప్పుడు మనిషి నేరుగా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడు. ముందు మందుల షాపుకో, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్ళి "పన్ను సలుపుతోంది, రెండు పూటలకివ్వండి" అంటాడు. అక్కడ దొరికేది సాధారణంగా ఒక నొప్పి బిళ్ళ, ఒక యాంటీబయాటిక్. ఆ రెండూ కవరులోని బిళ్ళలతో ఎలా తలపడతాయో చూద్దాం.

నొప్పి బిళ్ళ, ఎండ, మూత్రపిండం

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, కెటోరోలాక్. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబం. పంటి నొప్పికి బాగా పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ళ మనిషి రెండు మూడు రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. అరవై ఏళ్ళు దాటి, బీపీకి టెల్మిసార్టాన్ లాంటి బిళ్ళ, దానితో కలిపి ఒంట్లో నీరు తగ్గించే హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్న మనిషి సంగతి వేరు.

మూత్రపిండంలో లక్షల కొద్దీ సన్నటి జల్లెడలుంటాయి. ప్రతి జల్లెడకూ రక్తం వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం ఒకటి. సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువలో నీటిమట్టం తగ్గించి, పై తూము దించేసి, కింది తూము పూర్తిగా ఎత్తేస్తే మధ్యలో ఉన్న మడికి నీరెక్కదు. నీరు తగ్గించే బిళ్ళ కాలువ మట్టాన్ని తగ్గిస్తుంది. నొప్పి బిళ్ళ రక్తం వచ్చే గొట్టాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి రక్తం పోయే గొట్టాన్ని వదులు చేస్తాయి. విడివిడిగా ఏదీ విషం కాదు. మూడూ ఒకేసారి పనిచేస్తే జల్లెడలో ఒత్తిడి పడిపోయి మూత్రం తగ్గుతుంది, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరుగుతుంది.

దీనికి పల్నాడు ఎండ తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందో చెప్పేటప్పుడు రెంటచింతల పేరు తరచూ వినిపిస్తుంది. ఆ ఎండలో మిరప కల్లం దగ్గరో, పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గరో, మాచర్ల రాతి గనుల్లోనో పనిచేసే మనిషికి చెమట రూపంలో ఒంట్లో నీరు అప్పటికే చాలా పోయి ఉంటుంది. పన్ను నొప్పి వల్ల నీళ్ళు కూడా సరిగా తాగడు. అటువంటి రోజుల్లో షాపు నుంచి తెచ్చిన నొప్పి బిళ్ళ పూటకొకటి చొప్పున వారం రోజులు పడితే మూత్రపిండం తట్టుకోవడం కష్టం. అందుకే బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకు, షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ళకు, క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళకు పంటి నొప్పికి ముందుగా గుర్తుకు రావలసింది పారాసెటమాల్. అది చాలకపోతే ఇంకేం వాడాలో, ఎన్ని రోజులో డాక్టరు చెప్పాలి.

ఇందులోనే ఇంకో చిక్కుంది. నొప్పి బిళ్ళలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపేస్తాయి. బీపీ బిళ్ళ పని సగం చెడగొడతాయి. వారం పాటు నొప్పి బిళ్ళలతో నెట్టుకొచ్చిన మనిషి చివరికి పన్ను పీకించుకుందామని కుర్చీలో కూర్చుంటే బీపీ 180 చూపిస్తుంది. "బీపీ బాగా ఎక్కువుంది, తగ్గించుకుని రండి" అని పంపేస్తారు. అతను ఇంటికి పోయి నొప్పికి మళ్ళీ అదే బిళ్ళ వేసుకుంటాడు. పన్ను పీకితే గానీ బిళ్ళ ఆగదు, బిళ్ళ ఆగితే గానీ బీపీ దిగదు, బీపీ దిగితే గానీ పన్ను పీకరు. ఏ బిళ్ళ వేసుకుంటున్నావని మొదటి రోజే అడిగి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదు.

రక్తం పలచబడే బిళ్ళలు

గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు అసిట్రామ్ లేదా వార్ఫరిన్ వాడతారు. స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడతారు. "పన్ను పీకించుకోవాలంటే ఈ బిళ్ళ వారం ముందు నుంచి ఆపేయాలి" అనే మాట ఊళ్ళలో గట్టిగా నాటుకుపోయింది. కొన్నేళ్ళ కిందటి వరకు డాక్టర్లలో కూడా చాలామంది అదే చెప్పేవారు. ఈ సలహాను ఇప్పుడు వైద్యం పక్కన పెట్టింది, దానికి బలమైన కారణముంది.

పన్ను పీకిన గుంటలో రక్తం ఎక్కువసేపు కారితే అది కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. గాజ్ గుడ్డ గట్టిగా కరిచి పట్టించొచ్చు, రెండు కుట్లు వేయొచ్చు, ట్రానెగ్జామిక్ ఆమ్లంతో తడిపిన గుడ్డ పెట్టొచ్చు. బిళ్ళ ఆపితే కవాటం మీద కట్టే గడ్డ కనిపించదు. అది మెదడుకు పోతే పక్షవాతం. కొత్తగా వేసిన స్టెంటులో గడ్డ కడితే గుండెపోటు. చిగురు నుంచి కారే రక్తాన్ని ఆపగలం, వీటిని వెనక్కి తిప్పలేం. కాబట్టి గుండె డాక్టరు చెప్పకుండా ఈ బిళ్ళలు ఒక్క పూట కూడా ఆపకండి.

అసిట్రామ్, వార్ఫరిన్ వాడేవాళ్ళకు ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో ఆ అంకె చెబుతుంది. మామూలు మనిషికి 1 దగ్గర, కవాటం మార్చినవాళ్ళకు సాధారణంగా 2 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. పన్ను పీకే ముందు రోజో, అదే రోజో ఆ పరీక్ష చేయించి, అంకె 4 లోపుంటే బిళ్ళ ఆపకుండానే ఒకటి రెండు పళ్ళు పీకొచ్చని బ్రిటన్ దంత వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర చాలామంది డాక్టర్లు మరికాస్త జాగ్రత్తగా 3.5 దగ్గరే గీత గీసుకుంటారు. అదీ మంచిదే. పీకించుకునేది పొద్దున్నే అయితే మేలు. రక్తం కారితే సాయంత్రానికి ఇంకా ఆసుపత్రి తెరిచే ఉంటుంది. కారంపూడి నుంచో, దుర్గి నుంచో వచ్చినవాళ్ళు చివరి బస్సెక్కి వెళ్ళాక అర్ధరాత్రి రక్తం మొదలైతే ఆ ఇంటివాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు.

అసలు ప్రమాదం చాలాసార్లు పన్ను పీకిన రోజున రాదు. నాలుగో రోజునో, ఐదో రోజునో వస్తుంది. కారణం మెట్రోనిడజోల్. చిగుళ్ళ చీముకు, పంటి వాపుకు తరచుగా రాసే మందిది. అసిట్రామ్‌ను కాలేయంలో విరిచి బయటికి పంపే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. మింగే అసిట్రామ్ అంతే, కానీ ఒంట్లో నిలిచేది ఎక్కువ. మూడు రోజులు గడిచేసరికి ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. ముక్కులోంచి, చిగుళ్ళలోంచి, మూత్రంలో రక్తం కనిపించవచ్చు. నోటి పూతకు వాడే మైకొనజోల్ జెల్ కూడా, పైపూతే కదా అనిపించినా, ఇదే పని చేస్తుంది. ఫ్లూకొనజోల్ మాత్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్రోనిడజోల్ తప్పనిసరైతే మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఐఎన్‌ఆర్ మళ్ళీ చూసుకోవాలి.

ఇక కెటోరోలాక్. నీళ్ళలో కరిగే ఆ బిళ్ళకు పంటి నొప్పి తగ్గించడంలో మంచి పేరుంది, అందుకే అడిగి మరీ కొనుక్కుంటారు. అది ఎకోస్ప్రిన్‌తో గానీ, అసిట్రామ్‌తో గానీ కలిపి వాడకూడని మందు. ఎవరికైనా సరే ఐదు రోజులకు మించకూడదు. కడుపులో పుండు పడి నల్లగా తారులా విరేచనం అయిందంటే లోపల రక్తం పోతోందని అర్థం. అప్పుడు పళ్ళ డాక్టరు కోసం చూడకుండా పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

షుగరు ఉన్నవాళ్ళు, ఓఫ్లోక్సాసిన్

షాపులో పంటి నొప్పికి యాంటీబయాటిక్ అడిగితే తరచుగా చేతికొచ్చేది ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ళ. విరేచనాలకు వాడే బిళ్ళే పంటికీ ఇస్తున్నారు. పంటి చీములో ఉండే సూక్ష్మజీవుల మీద ఓఫ్లోక్సాసిన్ మొదటగా ఎంచుకోవలసిన మందు కాదు. గ్లిమిపెరైడ్ లాంటి షుగరు బిళ్ళ వాడేవాళ్ళకు అది ఇంకో రకంగా కూడా ఇబ్బంది. ఈ కుటుంబంలోని మందులు రక్తంలో చక్కెరను ఉన్నట్టుండి పడగొట్టగలవని, కొందరు స్పృహ తప్పే దాకా వెళ్ళారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరికను మరింత గట్టిగా రాయించింది.

పైగా దవడ వాచిన మనిషి అన్నం నమలలేడు. రెండు ముద్దల మజ్జిగన్నంతో సరిపెడతాడు, షుగరు బిళ్ళ మాత్రం మానడు. తిండి సగం, బిళ్ళ పూర్తి, పైన ఓఫ్లోక్సాసిన్. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే "పన్ను నొప్పికి నీరసం వచ్చింది" అని పడుకోబెడతారు. అది నీరసం కాదు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

అసలు యాంటీబయాటిక్ అవసరమేనా అన్నది ముందు వేసుకోవలసిన ప్రశ్న. పిప్పి పన్ను లోపలి నరం వాచి సలుపుతుంటే ఏ యాంటీబయాటిక్ ఆ నొప్పిని తగ్గించదు. పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా పీకాలి. వైద్యం అందుబాటులో ఉంటే చాలా రకాల పంటి నొప్పులకు యాంటీబయాటిక్ రాయనవసరం లేదని అమెరికా దంత వైద్యుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది. జ్వరం, ముఖం వాపు, నోరు తెరవలేకపోవడం ఉంటే అప్పుడు అవసరం. అప్పుడు కూడా పెన్సిలిన్ పడేవాళ్ళకు అమాక్సిసిలిన్‌తోనే మొదలుపెడతారు. యాంటీబయాటిక్ అట్ట మీద నిలువుగా ఎర్రటి గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదని, కొనకూడదని ఆ గీతకు అర్థం. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆ గీత గురించి ప్రచారం చేసింది, మన ఊళ్ళలో దాన్ని పట్టించుకునేవాళ్ళు ఇప్పటికీ తక్కువే.

మిగతా జాగ్రత్తలు

పారాసెటమాల్ మంచిదన్నాం కదా అని లెక్క లేకుండా వాడకూడదు. ఎసిక్లోఫెనాక్ పేరుతో అమ్మే చాలా బిళ్ళల్లో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అది రెండు పూటలా వేస్తే 650. నొప్పి తగ్గలేదని 650 బిళ్ళ మూడు పూటలా వేస్తే 1,950. జలుబుందని వేసుకునే బిళ్ళలో 500 ఉంటే మూడు పూటలకు 1,500. మొత్తం 4,100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు హద్దు 4,000. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళ కాలేయానికి అందులో సగమే ఎక్కువ.

బీపీ ఉన్నవాళ్ళకు మత్తు సూది ఇవ్వకూడదనేది అపోహ. ఆ మందులో లిగ్నోకైన్‌తో పాటు 80,000 పాళ్ళకు ఒక పాలు అడ్రినలిన్ కలుపుతారు. అంటే ఒక మిల్లీలీటరులో 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బున్నవాళ్ళకు ఒక విడతలో 40 మైక్రోగ్రాములు దాటకుండా చూస్తారు. దాదాపు 3 మిల్లీలీటర్లు. ఒక పన్ను పీకడానికి మామూలుగా అంతకంటే తక్కువే సరిపోతుంది. సరిగా మత్తు ఎక్కకపోతే నొప్పికి శరీరమే అంతకంటే ఎక్కువ అడ్రినలిన్ వదులుతుంది. ప్రొప్రనలాల్ వాడేవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

అమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి పళ్ళ మధ్య చిగురు ఉబ్బి పన్నును సగం దాకా కప్పేస్తుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌తోనూ అంతే. బ్రష్ సరిగా తోముకోవడం లేదని డాక్టరు, ఎంత తోమినా తగ్గడం లేదని మనిషి, ఇద్దరూ విసిగిపోతారు. బిళ్ళ పేరు తెలిస్తే బీపీ డాక్టరు వేరే మందుకు మార్చగలరు.

ముఖానికి నీళ్ళు తగిలినా, పళ్ళు తోముకున్నా కరెంటు షాకులా ఒకవైపు కొట్టే నొప్పి పంటిది కాకపోవచ్చు, ముఖ నరానిది కావచ్చు. దానికి కార్బమజిపిన్ ఇస్తారు. ఆ మందు మీద ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ పడితే కళ్ళు తిరిగి, ఒకటి రెండుగా కనిపిస్తుంది. కీళ్ళవాతానికి వారానికొకసారి వేసే మెథోట్రెక్సేట్ ఉంటే నొప్పి బిళ్ళలు డాక్టరును అడక్కుండా తీసుకోకూడదు. గర్భిణులకు ఐదో నెల నుంచి డైక్లోఫెనాక్ లాంటివి వద్దు, పారాసెటమాల్, అమాక్సిసిలిన్ ఫర్వాలేదు, డాక్సీసైక్లిన్ అసలు వద్దు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు. క్యాన్సరు ఎముకకు పాకినప్పుడు, ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం తీసుకున్నవాళ్ళకు పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడవచ్చు. 2003లో అమెరికాలో ఒక సర్జన్ తొలిసారి గుర్తించిన సంగతి ఇది. రోజూ మింగే బిళ్ళ కాదు, ఎప్పుడో ఒకసారి ఎక్కించే ఇంజెక్షన్ కాబట్టి "ఏం మందులు వాడుతున్నారు?" అంటే మనిషికి అది గుర్తే రాదు. అందుకే డాక్టర్లు బిళ్ళలతో ఆగకుండా ఇంజెక్షన్ల సంగతీ అడగాలి.

ఈ భారమంతా రోగి మీద వేయడం న్యాయం కాదు. "బీపీ, షుగరు ఉన్నాయా?" అన్న ఒక్క ప్రశ్నతో పని ముగించే పళ్ళ డాక్టర్లు "రోజూ ఏం బిళ్ళలు వేసుకుంటున్నారు, ఈ వారం షాపులో ఏం కొన్నారు, నాటు మందేమన్నా తిన్నారా?" అని మూడు ప్రశ్నలడిగితే చాలు, కథంతా బయటికొస్తుంది. చీటీ మీద మందు పేరు పెద్ద అక్షరాలతో, ఎన్ని రోజులో అంకెతో రాస్తే షాపువాడికీ తెలుస్తుంది, రేపు చూసే గుండె డాక్టరుకూ తెలుస్తుంది.

మీరు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పళ్ళ ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు మేకుకున్న కవరు చేతిలో పట్టుకోండి. కవరు మరిచిపోతారనుకుంటే అట్టల వెనకవైపు పేర్లు కనపడేలా మీ పిల్లల చేత ఫోన్లో ఫొటో తీయించి పెట్టుకోండి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితం ఉంటే అదీ తీసుకెళ్ళండి. ఆ పొద్దున టిఫిన్ తిని, బీపీ, షుగరు బిళ్ళలు ఎప్పటిలాగే వేసుకుని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్ళి కుర్చీలో కళ్ళు తిరిగి పడేవాళ్ళు చాలామంది. ఇంతకుముందు ఏ మందుకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే డాక్టరు అడక్కపోయినా చెప్పండి.

షాపులో నాలుగు బిళ్ళలడిగితే కత్తెరతో అట్ట కత్తిరించి ఇస్తారు. పేరు, గడువు తేదీ షాపులో మిగిలిన ముక్క మీద ఉండిపోతాయి. అలాంటప్పుడు పేరున్న వైపు ముక్కే ఇమ్మని అడగండి, లేదా చీటీ మీద రాయించుకోండి. కొత్త మందు వల్ల దద్దుర్లు, మొహం వాపు, రక్తస్రావం లాంటివి వస్తే ముందు డాక్టరుకు చూపించండి, ఆ తర్వాత మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. డాక్టర్లే కాదు, రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు ఎవరైనా చెప్పొచ్చు. ఏ మందు, ఎప్పటి నుంచి వాడారు, దానితో పాటు ఇంకేం వాడుతున్నారు అని అడుగుతారు. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు అట్ట మీదే ఉంటాయి కాబట్టి బిళ్ళలు అయిపోయినా కోర్సు ముగిసి వారం గడిచేదాకా ఆ అట్ట పారేయకండి.